బర్రెల కొట్టంలో ఇంటర్నెట్టు

కార్వాన్, హైదరాబాదు
12 ఫిబ్రవరి 2002

ఏమే అమృతా,

నీకు రాసి ఏడాది దాటింది. నువ్వు తిట్టేలోపు నేనే ఒప్పుకుంటున్నాను, కాబట్టి సగం తిట్లు మాఫీ చెయ్యి.

కాలేజీకి జీతం లేని సెలవు పెట్టాను. ఏడాది. ప్రిన్సిపాలు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఏమైనా అనారోగ్యమా మైథిలిగారూ?" అన్నారు. నలభై నాలుగేళ్ళ ఆడది ఉద్యోగానికి సెలవు పెడితే కడుపులో కణితైనా ఉండాలి, కూతురి కాన్పైనా ఉండాలి. నాకు రెండూ లేవని చెప్పడానికి కొంచెం సిగ్గేసింది కూడా.

సంగతేమిటంటే, మైసూరులో ఒక ప్రచురణ సంస్థ మొక్కల పేర్ల నిఘంటువు వేస్తోంది. ఒక్కో మొక్కని తెలుగునేల మీద ఎక్కడెక్కడ ఏమేమంటారో ఏరి, శాస్త్రీయనామం పెట్టి, రెండు ముక్కలు వివరం రాయాలి. చూసేవారు వైకుంఠంగారని రిటైరైన తెలుగాయన. రోజుకి ఇరవై మొక్కలు సాయంత్రం ఐదులోపు ఈమెయిల్లో ఆయనకి చేరాలి. జూన్ ముప్పై దాకా ఇది పరీక్ష. ఆ రోజుకి మొదటి భాగం మొత్తం పంపి, ఆయన సరేనంటే మూడేళ్ళ పని నాది. లేదంటే వచ్చే ఫిబ్రవరికి మళ్ళీ అదే కాలేజీ, అదే ఉల్లిపొర, అదే సూక్ష్మదర్శిని, "మేడమ్, నాకేం కనబడట్లేదు" అనే అదే అమ్మాయి. ఇరవై ఏళ్ళుగా అమ్మాయిలు మారుతున్నారు గానీ ఆ మాట మారలేదే.

సరే, ఈమెయిల్ ఎలా పంపడం? ఫోను ద్వారా పెట్టుకుంటే కీచుమని అరిచి, నెంబరు కలిసేసరికి మావారికి హైకోర్టు నుంచి ఫోను రావాలి, అది తెగాలి. అందుకని ఈ గల్లీలో కేబుల్ టీవీ నడిపే రామ్‌చందర్‌ని పిలిచాం. అతను ఇప్పుడొక కంపెనీ తరఫున ఇంటర్నెట్టు కూడా ఇస్తున్నాడు. మిద్దెల మీదుగా నీలం తీగ లాక్కుంటూ వచ్చాడు. "ఫికర్ జేయకుండ్రి మేడమ్. చౌబీస్ గంటలు నెట్టొస్తది. మీరు యాష్టకొచ్చి బంద్ జేసుకోవాలె గంతే" అన్నాడు.

నడుమ ఎక్కడో ఒక డబ్బా పెట్టి, అందులోంచి ఇంటింటికీ తీగలు చీలుస్తారట. ఆ డబ్బాకి కరెంటు కావాలి, చోటు కావాలి. గల్లీకి సరిగ్గా మధ్యలో ఉన్నది మేముండే ఇల్లే. మేం పైన అద్దెకి, కింద ఇంటివాళ్ళు ఈశ్వరయ్యగారు, బుచ్చమ్మగారు, పక్కన వాళ్ళ బర్రెల కొట్టం. డబ్బా ఆ కొట్టంలో గోడకి ఎక్కింది. కొట్టానికి తాళం ఉండదు కాబట్టి ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చని రామ్‌చందర్ లెక్క. చోటిచ్చినందుకు వాళ్ళ మనవరాలు సోనీకి కనెక్షను ఉచితం. ఆ పిల్ల డిగ్రీ రెండో సంవత్సరం, ఎగిరి గంతేసింది.

కాబట్టి తల్లీ, నా మూడేళ్ళ భవిష్యత్తు ప్రస్తుతం పేడవాసన పీలుస్తూ గోడకి వేళ్ళాడుతోంది. నేను చేసింది తెలివైన పనేనంటావా? నిన్న రాత్రి అవుననిపించింది. ఇవాళ పొద్దున్న కాదనిపించింది. ఉత్తరం ఇప్పుడే డబ్బాలో వేసేస్తాను, మధ్యాహ్నం ఏమనిపిస్తుందో.

నీ
మైథిలి


కాకినాడ
20 ఫిబ్రవరి 2002

మొద్దూ,

హాస్టల్లో రెండు చీరలు మంచం మీద పరిచి, ఏది కట్టాలో తేలక నైటీలో మెస్సుకొచ్చిన దానివి నువ్వు. నువ్వొక నిర్ణయం తీసుకున్నావని చదివి, ఎక్స్ఛేంజిలో అందరికీ టీ పోయించాను.

మంచి సమయానికి రాశావు. మా టెలిఫోను శాఖలో ఇంటర్నెట్టు విభాగం కొత్తగా తెరిచి నన్ను అందులో వేశారు. కాబట్టి సాక్షాత్తు అధికారి నోటి నుంచి వినుకో.

ఇంటర్నెట్టు ఒకచోట ఉండే వస్తువు కాదే. మన గోదావరి కాలవ అనుకో. ధవళేశ్వరం దగ్గర పెద్ద కాలవ బయల్దేరుతుంది. అది సముద్రం అడుగు నుంచి వచ్చే పెద్ద తీగ. దాన్నుంచి పిల్ల కాలవలు. అవి ఊరూరికీ కంపెనీలు తెచ్చుకునే లైన్లు. పిల్ల కాలవ నుంచి పంట బోదె. అది మీ రామ్‌చందర్ నీలం తీగ. బోదె నుంచి నీ మడి. నువ్వు పంపే ఉత్తరం నీ మడి నుంచి ఎదురీదుకుంటూ పెద్ద కాలవకెక్కి, మైసూరు బోదెలోకి దిగి వైకుంఠంగారి మడిలో పడుతుంది. అంతే శాస్త్రం.

సముద్రంలో తీగ తెగిందని నువ్వు వినవు. తెగేవన్నీ ఇంటి దగ్గరి ఆఖరి వంద మీటర్లలోనే. వంద అని ఊరికే అనలేదు. ఆ నీలం తీగ డబ్బా నుంచి వంద మీటర్లు దాటితే నీరసించిపోతుంది, అక్కడ ఇంకో డబ్బా పెట్టాలి. నీకు కొట్టం పక్కనే కాబట్టి బెంగ లేదు. బర్రె తీగ నమలకుండా చూసుకో, చాలు.

ఇక్కడ అంతా మామూలే. పని కొత్త, కుర్చీ పాతది.

అమృత


కార్వాన్
18 మార్చి 2002

అమృతా,

అధికారిగారికి ఫిర్యాదు. నీ కాలవ కట్టేశారు.

ఫిబ్రవరంతా అద్భుతంగా నడిచింది. రోజూ నాలుగున్నరకి నా ఇరవై మొక్కలు మైసూరు వెళ్ళిపోయేవి. మార్చి మొదటి వారం నుంచి ఒక వింత. పొద్దుట బావుంటుంది, మధ్యాహ్నం బావుంటుంది. సరిగ్గా నాలుగూ పది అయ్యేసరికి ఠక్కున పోతుంది. ఐదుంబావుకి మళ్ళీ ఏమీ ఎరగనట్టు వచ్చేస్తుంది. ముందే పంపెయ్యొచ్చు కదా అంటావు. ఇరవై మొక్కల్లో చివరి నాలుగైదు ఎప్పుడూ నాలుగు దాటాకే తేల్తాయి. ఒక పేరు రాస్తాను, అది నిజమేనా అని కొట్టేస్తాను, మళ్ళీ అదే రాస్తాను. నా సంగతి నీకు తెలుసు.

గల్లీలో తలోమాట అంటున్నారు. ఎదురింటి గాజుల దుకాణం అంజన్ కోతుల పనంటాడు. కోతులకి గడియారం చూడ్డం వచ్చా అని అడిగితే, "పాతబస్తీ కోతులు మేడమ్, నమాజు వేళలు గూడ తెలుసు వాటికి" అన్నాడు. రామ్‌చందర్ రెండుసార్లు వచ్చాడు. పొద్దున పదింటికి వస్తాడు, అప్పుడు అంతా శుభ్రంగా పనిచేస్తుంది. "సూడుండ్రి, మస్తు నడుస్తుంది గద! మీ కంప్యూటరే నాలుగింటికి అలుస్తున్నట్టుంది" అని వెళ్ళిపోతాడు.

ఇక నేను ఫ్లాపీ పట్టుకుని ఆటో ఎక్కి పురానాపూల్ దగ్గర ఇంటర్నెట్టు సెంటరుకి పరుగు. అక్కడ పది మంది కుర్రాళ్ళు కార్ల పందెం ఆట ఆడుతుంటారు. నన్ను చూసి "ఆంటీ వచ్చింది, జగా ఇయ్యిరా" అని ఒకడు లేస్తాడు. మంచి పిల్లలే. కానీ వారంలో రెండుసార్లు ఆ ఫ్లాపీ అక్కడ తెరుచుకోదు.

వైకుంఠంగారు రాశారు: "ఈ నెల ఆరు రోజులు ఆలస్యం. మొక్కలకి ఋతువులుంటాయి, మీకు గడువులుండాలి." చదివితే నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

పని మాత్రం బావుందే. రోజూ కిందకి దిగి బుచ్చమ్మగారిని గడ్డి పేర్లు అడుగుతాను. ఆవిడ మేత మోపు విప్పి ఒక్కో పోచా చూపించి చెబుతుంది. నేను పుస్తకంలో ఒక్కటే అనుకున్న గడ్డిని ఆవిడ మూడు చేసింది, బర్రె ఇష్టంగా తినేది, ఆకలైతే తినేది, ముక్కు తిప్పేది. మూడూ నిజంగా వేరువేరు జాతులే! పుస్తకాలన్నీ తిరగేసి చూశాను. నాకంటే ఆ బర్రెకి వృక్షశాస్త్రం బాగా వచ్చు.

నాలుగూ పదికి ఏమవుతోందో నీకేమైనా తడుతోందా?

మైథిలి


కాకినాడ
26 మార్చి 2002

మైథిలీ,

రోజూ ఒకే వేళకి పోయి ఒకే వేళకి వస్తోందంటే అది తీగ జబ్బు కాదు, మనిషి పని. కాలవ మీద తూము దించే లస్కరు ఉంటాడు చూడు, అలా ఎవరో దించి ఎత్తుతున్నారు.

నా మాట విను. నోటిమాటకి విలువ లేదు. ఇరవయ్యేళ్ళుగా ఈ శాఖలో నేర్చుకున్నది ఇదొక్కటే. రామ్‌చందర్‌తో వాదించకు. ఏ తేదీన ఎన్నింటికి పోయింది, ఎన్నింటికి వచ్చింది, పట్టిక వేసి నేరుగా కంపెనీ పెద్దాఫీసుకి రాతపూర్వకంగా పంపు. ఒక నకలు నీ దగ్గర ఉంచుకో. ఫిర్యాదు నెంబరు తీసుకో. నెంబరు పడ్డ ఫిర్యాదు మీద ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, సంతకం పెట్టేవాడు ఏదో ఒకటి చేసి తీరాలి.

నీ మొహమాటం నాకు తెలుసు. ఇది మొహమాటపడే వేళ కాదు. జూన్ ముప్పై ఎంతో దూరం లేదు.

అమృత


కార్వాన్
22 ఏప్రిల్ 2002

అమృతా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పదిహేను రోజుల పట్టిక, చక్కటి చేతిరాత, గీతలు స్కేలుతో. నెంబరు కూడా పడింది. ఎవరో సంతకం పెట్టారు. ఏదో ఒకటి చేసి తీరారు కూడా.

పోయిన మంగళవారం ఇద్దరు మనుషులు మోటారుసైకిలు మీద వచ్చారు. కొట్టంలోకి వెళ్ళి, గోడ మీద డబ్బా ఊడబీకి, "ఇక్కడ కరెంటు తీసేస్తున్నారని కంప్లైంటొచ్చింది" అని గట్టిగా చెప్పి, తీసుకెళ్ళి గల్లీ మొగదల కిరాణా దుకాణంలో బిగించారు. సోనీ తీగ కత్తిరించారు. అక్కడి నుంచి మా ఇంటికి నూట నలభై మీటర్లు. నువ్వు చెప్పిన వంద దాటిపోయింది. మాతో కలిపి ఇటువైపు ఐదిళ్ళకి ఇప్పుడు పొద్దున లేదు, నాలుగింటికి లేదు, అసలు లేదు. ఇటు ఇంకో డబ్బా కావాలంటే చోటూ కరెంటూ ఇచ్చే ఇల్లు చూపించమంటున్నారు. మేం అద్దెవాళ్ళం, మేడ మీద విడిగా మీటరే లేదు. తక్కిన నలుగురూ బుచ్చమ్మగారికి జరిగింది చూశాక "మాకొద్దు తల్లీ" అంటున్నారు.

నా బోదెకి నేనే గండి కొట్టుకున్నానే.

ఇప్పుడు నీకొక సంగతి చెప్పాలి. పోయిన ఉత్తరంలో రాయలేదు. కావాలనే రాయలేదు. అప్పటికే నాకు తెలుసు. ఒకరోజు నాలుగుంబావుకి గడ్డి పేరు అడగడానికి కిందకి దిగాను. బుచ్చమ్మగారు పాలు పితుకుతోంది. డబ్బా మీద దీపాలు లేవు. దాని ప్లగ్గు కింద వేళ్ళాడుతోంది. నేను చూశాను. "బుచ్చమ్మగారూ, ఇదెందుకు తీశారు?" అని నాలుగు ముక్కలు అడిగితే సరిపోయేది. అడగలేదు. గడ్డి పేరు అడిగి, రాసుకుని, పైకొచ్చేశాను.

ఎందుకడగలేదని వారం రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. పన్నెండేళ్ళుగా వాళ్ళింట్లో ఉంటున్నాం. నా మాటతీరులో అడిగితే నిలదీసినట్టుంటుందేమో అనిపించింది. కరెంటు ఆదా చేస్తోందేమో, అడిగితే చిన్నబుచ్చుకుంటుందేమో అనిపించింది. పాలు పితికేటప్పుడు ఆ మిణుకు దీపాలు దిష్టనుకుంటోందేమో, అడిగి నవ్వినట్టవుతుందేమో అనిపించింది. ఇన్ని అనుకున్నదాన్ని, పద్నాలుగు మెట్ల కింద ఉన్న మనిషిని వదిలేసి హిమాయత్‌నగర్ ఆఫీసుకి పట్టిక పంపాను. అందులో బుచ్చమ్మగారి పేరు రాయలేదు, "డబ్బా ఉన్న స్థలంలో విద్యుత్తు నిలిపివేయబడుచున్నది" అని రాశాను. పేరు రాయకపోతే చాడీ కాదన్నట్టు.

ఆవిడకి తెలియదు, కంప్లైంటు ఎవరిదో. రోజూ పాలగిన్నె పట్టుకుని తనే మెట్లెక్కేది. ఇప్పుడు ఈశ్వరయ్యగారి చేత పంపుతోంది. సోనీ ఎదురైతే "నమస్తే ఆంటీ" అంటుంది, ఆగదు.

మళ్ళీ ఫ్లాపీలు, ఆటోలు. ఈ నెల పదకొండు రోజులు ఆలస్యం. వైకుంఠంగారు ఈసారి ఋతువుల మాట ఎత్తలేదు. "జూన్ ముప్పై సాయంత్రం ఐదు. ఆపైన వేరే వారిని చూసుకుంటాం" అని ఒక్క వాక్యం.

మైథిలి


కాకినాడ
30 ఏప్రిల్ 2002

మైథిలీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. చెడగొట్టింది నా సలహాయే కదా. నువ్వొకటి దాచావు. నేను రెండు దాచాను.

మొదటిది. ఇంటర్నెట్టు విభాగంలో నన్ను వేశారని గొప్పగా రాశాను చూడు, ట్రంకు కాల్స్ బోర్డు ఎత్తేశారే. ఇప్పుడందరూ ఎవరికి వాళ్ళు నెంబరు తిప్పుకుంటున్నారు, మధ్యలో "హలో కాకినాడ" అనే గొంతు ఎవడికి కావాలి? ఇరవై ఏళ్ళు ఆ బోర్డు ముందు కూర్చున్నాను. ఎక్కడికి పంపాలో తోచక ఇంటర్నెట్టు ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు.

రెండోది. నవ్వకు. నేను ఇంతవరకు ఒక్క ఈమెయిల్ పంపలేదు. శిక్షణ ఐదు రోజులు. మూడో రోజు ఈమెయిల్ పాఠం, ఆ రోజే నాకు జ్వరం. తర్వాత ఎవరినైనా అడుగుదామంటే అందరూ నాకంటే పాతికేళ్ళు చిన్నవాళ్ళు. నీకు చెప్పిన కాలవలూ బోదెలూ శిక్షణ పుస్తకం నలభయ్యో పేజీలో బొమ్మ చూసి అల్లినవి. రోజూ ఎవరో ఫోనులో అరుస్తారు, "ఏమండీ, నా మెయిల్ వెళ్ళట్లేదు" అని. నేను "నెంబరు రాసుకున్నామండీ" అంటాను. ఆ అరిచేవాడికి తెలియదు, నాదీ ఎప్పుడూ వెళ్ళలేదని.

నెంబరు పడితే పని అవుతుందని నీకెందుకు చెప్పానో ఇప్పుడు తెలిసిందా? నాకు తెలిసింది నెంబరు వెయ్యడమొక్కటే.

నీకు సలహా ఇచ్చే మొహం నాకు లేదు. కానీ ఒకటి. కిందకి దిగవే. ఫ్లాపీ, పట్టిక, నకలు ఏమీ పట్టుకోకుండా ఉత్తి చేతులతో దిగు.

అమృత


కార్వాన్
19 మే 2002

అమృతా,

ముందు నువ్వు. పాతికేళ్ళు చిన్నదైన పిల్లని ఈమెయిల్ నేర్పమని అడగడానికి నీకు సిగ్గేమిటే? నాకు సోనీయే నేర్పింది. మూడుసార్లు చెప్పించుకున్నాను. "ఆంటీ, మీరు లెక్చరర్ గద" అంది మూడోసారి.

ఇప్పుడు నేను. దిగాను. వెంటనే అనుకోకు. మొదటి రోజు సగం మెట్లు దిగి, పాలపొడి అయిపోయిందని నాకు నేనే చెప్పుకుని దుకాణానికి వెళ్ళాను. పాలవాళ్ళింట్లో ఉంటూ పాలపొడి! రెండో రోజు ఈశ్వరయ్యగారు ఉన్నారని వెనక్కొచ్చాను. మూడో రోజు నాలుగింటికి తిన్నగా కొట్టంలోకి నడిచాను. ఆవిడ బర్రె పొదుగు కడుగుతోంది. తల ఎత్తలేదు.

"బుచ్చమ్మగారూ, ఆ కంప్లైంటు రాసింది నేనే" అన్నాను.

"ఎరుకే" అంది.

ఎవరు చెప్పారని అడిగాను.

"ఈ గల్లీల కంపెనోనికి గట్ల కాయిదం రాసెటోళ్ళు ఇంకెవలున్నరు టీచరమ్మా? నువ్వొచ్చి చెప్తవేమో అని సూస్తున్న. నెల దాటె."

"చాలా తప్పు చేశానండీ."

"తప్పుగాదు. దిమాక్ లేని పని. పేపర్ల రాస్తివి, నోటితోని అడగవైతివి. రోజు వచ్చి గడ్డి గురించి గంట అడుగుతవ్, గీ ప్లగ్గు గురించి అడగనీకె ఏమొచ్చింది?"

అప్పుడడిగాను. నాలుగే ముక్కలు. ఎందుకు తీసేవారు?

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకేంది? కొట్టంల ఉన్నది ఒక్కటే ప్లగ్గు. అది ఫ్యానుది. సలికాలం ఫ్యానెందుకని రామ్‌చందర్ దాన్ని పీకి గా డబ్బాది వెట్టిండు. ఎండలొచ్చినయ్. పొద్దుగూకంగ మూసీ దోమలు ఎట్లొస్తయో నీకెరుకలేదా? ఫ్యాను లేకుంటె బర్రె కాళ్ళు కొడ్తది, చేపదు. పొదుగు నిండ పాలుంటయ్, సుక్క రాదు. గందుకే పాలు పిండినంత సేపు డబ్బా తీసి ఫ్యాను వెడ్తుంటి. అయినంక మల్ల డబ్బా వెడ్తుంటి. సోనీకి గా గంట లేకుంటె ఏం మునుగుతది అనుకున్న."

"సోనీకి ఒక్కదానికే కాదండీ. ఆ డబ్బా ఆగితే దాన్నుంచి తీగ వెళ్ళిన ఇళ్ళన్నిటికీ ఆగిపోయేది."

చెంబు పక్కన పెట్టేసింది. "ఏంది?"

"ఇరవై రెండు ఇళ్ళు."

"ఇరవై రెండా! గా రామ్‌చందర్ నాకు చెప్పలేదేంది? 'అమ్మా, గోడకు జరంత జాగ ఇయ్యి, సోనీకి ఫ్రీ' అన్నడు. నా పోరిదని నేను తీసిన. ఇరవై రెండిండ్ల లొల్లి నా ప్లగ్గు మీద ఉన్నదని నాకెవలు చెప్పిన్రు?"

నిజమే కదా అమృతా. రామ్‌చందర్ చెప్పలేదు. కంపెనీవాళ్ళు ఊడబీకుతూ కూడా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆవిడ తన ఇంటి సంగతనుకుని చేసింది. మేమందరం గల్లీ సంగతని తెలిసి కూడా ఆవిడకి తప్ప అందరికీ చెప్పుకున్నాం. కోతులకి కూడా అంటగట్టాం.

"మళ్ళీ డబ్బా ఇక్కడే పెట్టించుకుంటారా? ఇంకో ప్లగ్గు వేయించమని చెబుతాను" అని బతిమాలాను. జూన్ ముప్పై గురించి కూడా చెప్పాను. మూడేళ్ళ పని, వైకుంఠంగారు, సెలవు అన్నీ. ఆవిడ వింటూనే పితికింది. చెంబు నిండాక లేచింది.

"నా ఇంట్లకెళ్ళి దొంగసొమ్ము పట్టుకపోయినట్టు పట్టుకపోయిన్రు. గల్లీల అందరు సూసిన్రు. మల్ల రమ్మంటె ఎట్లొస్తది?" అంది చివరికి. "రామ్‌చందర్ వచ్చి అడగాలె. కంపెనోడు గాదు, రామ్‌చందరే. ప్లగ్గుల బోర్డు ఆడే తేవాలె. ఇగ ఈ గల్లీల ఎవలకు నెట్టు పోయినా ముందుగాల నా తాన్కి వచ్చి అడగాలె. నేను లేదంటెనే కాయిదం రాసుకోవాలె. ఇష్టమైతె చెప్పు."

ఇష్టం కాకపోవడమా! కానీ రామ్‌చందర్ రావాలి. కంపెనీ దగ్గర తనకి మాట వచ్చిందని నెలగా నన్ను చూస్తే సందు మార్చుకుపోతున్నాడు. రేపు వాళ్ళింటికి వెళ్తున్నాను. ఉత్తి చేతులతోనే.

మైథిలి


కాకినాడ
8 జూన్ 2002

మైథిలీ,

నీ ఉత్తరం మా విభాగంలో పైకి చదివాను. నీ పేరూ, నా ఈమెయిల్ ముక్కా తీసేసి, బుచ్చమ్మగారి పేరు ఉంచి. పిల్లలు పడీ పడీ నవ్వారు. తర్వాత వాళ్ళలో సోనీ వయసు పిల్ల, మొన్నే చేరింది, కుర్చీ జరుపుకుని నా పక్కకొచ్చి "మేడమ్, మూడో రోజు పాఠం చెప్పమంటారా?" అంది. నేను ఎవరికీ చెప్పలేదే ఆ సంగతి! అందరికీ తెలుసట. బుచ్చమ్మగారిలాగే నేనొచ్చి అడుగుతానేమోనని చూస్తున్నారట.

ఇప్పుడు ఫోనులో ఎవరైనా అరిస్తే నెంబరు చెప్పే ముందు ఒక ప్రశ్న వేస్తున్నాను. "బాబూ, మీ పెట్టె ఉన్న గదిలో ఇంకెవరుంటారు?" మొదట తిడతారు. నిన్న ఒకాయన తిట్టి, ఆగి, "మా అత్తగారండీ, మధ్యాహ్నం మిక్సీ పెట్టుకుంటుంది..." అని ఫోను పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు.

రామ్‌చందర్ వచ్చాడా?

అమృత


కార్వాన్
3 జూలై 2002

అమృతా,

వచ్చాడు, కానీ ఎప్పుడనుకున్నావు? జూన్ ఇరవై ఎనిమిది. నేను నాలుగుసార్లు వాళ్ళింటి గడప తొక్కాక. వచ్చి కొట్టం బయట నిలబడి, "బుచ్చమ్మత్తా, తప్పయింది. చెప్పాలని యాదికి రాలే" అన్నాడు. ఆవిడ "లోపల్కి రా, బర్రె కరవది" అంది. అంతే. డబ్బా మళ్ళీ కొట్టం గోడకెక్కించాడు, బోర్డు తెచ్చాడు, రెండు ప్లగ్గులు పెట్టాడు. ఒకటి డబ్బాకి, ఒకటి ఫ్యానుకి. సోనీ తీగ కూడా అతికించాడు.

ఇరవై తొమ్మిదిన బ్రహ్మాండం. ఫ్యాను తిరుగుతోంది, డబ్బా మిణుకుతోంది, బర్రె చేపుతోంది. బుచ్చమ్మగారు వచ్చేపోయేవాళ్ళందరినీ పిలిచి చూపించింది.

ముప్పై. నా దగ్గర మొదటి భాగం మొత్తం ఉంది. పెద్ద ఫైలు. ఆదివారం, ఇంటర్నెట్టు సెంటరు మూత. మధ్యాహ్నం రెండింటికి గాలివాన, కరెంటు పోయింది. నాలుగున్నరకి వచ్చింది, అదీ ఎలా? బల్బులో దారం మాత్రం ఎర్రగా కనబడేంత. కంప్యూటరు బ్యాటరీ పెట్టె మీద కుయ్యోమంటూ లేచింది. ఫైలు తగిలించి నొక్కాను. సగం వెళ్ళింది, తెగిపోయింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ సగంలో తెగింది. నాలుగూ నలభై.

ఈసారి మెట్ల మీద ఆలోచించలేదే. చెప్పులు కూడా లేకుండా దిగాను. కొట్టంలో ఆవిడ పాలు పితుకుతోంది. ఫ్యాను ఈసురోమని తిరుగుతోంది. అది ఒక్కో తిప్పు తిరిగినప్పుడల్లా డబ్బా దీపాలు ఆరి, వెలిగి, ఆరుతున్నాయి. ఉన్న కాస్త కరెంటూ రెండింటికీ చాలడం లేదు.

నేను అడగలేదు. అడగడం నేర్చుకున్నాను గానీ, అది ఎలా అడగను? వానకి దోమలు రెండింతలయ్యాయి. ఇంకా సగం పాలు పొదుగులోనే ఉన్నాయి. సాయంత్రం పాలే వాళ్ళ బతుకు. గుమ్మంలో నిలబడి డబ్బా వంక చూశాను, అంతే.

ఆవిడ నన్ను చూసింది, డబ్బాని చూసింది. "దినం ఇయ్యాల్నే గద?" అంది.

"అవునండీ. ఐదింటికి."

పితుకుతున్న చెయ్యి తియ్యకుండానే రెండో చెయ్యి చాచి ఫ్యాను ప్లగ్గు పీకేసింది. "సోనీ! చేట తీస్కరా. బర్రెకు ఇసరు. నువ్వేంది టీచరమ్మా, నిలబడి సూస్తున్నవ్? ఉరుకు!"

ఉరికాను. వెనక నుంచి బర్రె కాలు విసరడం, చెంబు దొర్లడం, ఆవిడ దాన్ని ఉర్దూలో ఒకటి, తెలుగులో రెండు తిట్టడం వినిపించాయి. నేను తెర మీద ఆ నీలం గీత జరగడం చూస్తూ కూర్చున్నాను. సగం. ముప్పాతిక. నా జీవితంలో దేన్నీ అంత నమ్మి చూడలేదు. నాలుగూ యాభై ఆరుకి వెళ్ళింది.

కిందకి వచ్చేసరికి ఫ్యాను మళ్ళీ పెట్టేసింది. సోనీ చేట మోకాళ్ళ మీద పెట్టుకుని చేతులు నొక్కుకుంటోంది. నేల మీద పాలు మడుగు కట్టాయి. దాని గురించి ఏదో అనబోయాను. "ఏమనకు. వానల పోయినయనుకుంట" అంది.

వైకుంఠంగారి జవాబు ఇవాళ పొద్దున వచ్చింది. "అందినది. గడ్డిజాతుల పేర్లు ముఖ్యముగా బాగున్నవి, మూలము తెలుపగలరు. ఆగస్టు నుండి రెండవ భాగము ప్రారంభించగలరు." మూలం అన్నచోట బుచ్చమ్మగారి పేరు, ఇంటిపేరుతో సహా రాసి పంపేశాను. ఈసారి పేరు రాశాను చూశావా?

తర్వాత కిందకి వెళ్ళి చెప్పాను, పని నాదేనని. ఆవిడ మేత వేస్తోంది.

"ఎన్నేండ్లు?"

"మూడేళ్ళండీ."

మోపు కింద పెట్టి, బర్రె వీపు మీద చెయ్యేసి, లోపల్లోపల ఏదో లెక్క వేసుకుంది. "మూడేండ్లంటె ఇంక రెండు ఈతలు" అంది. "గప్పటి దాంక నీ డబ్బాను ఓర్సుకుంటది తియ్యి. మంచి బర్రె."

నీ
మైథిలి